రాజఘాట్ ప్రతిజ్ఞ ఏమయింది?

చెరసాలలలో పుట్టిన జనతా పార్టీ 28 నెలలు నిండకుండానే అధికారం పోగొట్టుకొన్నది. ఆశయాలు గలవారి చేతినుండి పార్టీలు ఎలా జారిపోతాయో తెలిపే కథ అది.

1948 జనవరి 12వ తేదీన ఢిల్లీలో జరిగిన ప్రార్థన సభలో మహాత్మా గాంధీ సందేశాన్ని చదివి వినిపించారు. మరునాటినుండి తాను నిరాహార దీక్ష పూనుతున్నట్లు ఆయన అందులో ప్రకటించారు. దేశవిభజన అనంతరం చెలరేగిన మారణకాండ ఆ దీక్షకు కారణం. కాని ఆ రోజు ఆయన మరొక బాధను కూడా బయటపెట్టారు. అది ఆంధ్రదేశంనుండి వచ్చిన ఒక ఉత్తరం. వ్రాసినవారు దేశభక్త కొండా వెంకటప్పయ్య పంతులుగారు.

అప్పటికి వెంకటప్పయ్యగారు ఎనభై యేండ్లు దాటిన వృద్ధులు. స్వాతంత్ర్యోద్యమంలో సర్వస్వాన్నీ ధారపోసిన ఆ పెద్దమనిషి కాలు విరిగి, ఊతకర్రల సాయంతో ఇంటి నాలుగు గోడల మధ్యనే తిరుగుతూ ఆ లేఖ వ్రాశారు. స్వాతంత్ర్యం వచ్చి అయిదు నెలలైనా కాలేదు. అప్పుడే శాసనసభ్యులు కొందరు తమ పలుకుబడిని సొమ్ము చేసుకొంటున్నారనీ, న్యాయస్థానాల పనిలో సైతం జోక్యం చేసుకొంటున్నారనీ, ఇంతకన్న తెల్లవారి పాలనే మేలని జనం అనుకొనే దశ వస్తున్నదనీ ఆయన ఆవేదన. గాంధీజీ ఆ లేఖను దాచుకోలేదు. లోకానికి చదివి వినిపించారు.

జనవరి 29న గాంధీజీ కాంగ్రెస్ సంస్థకు ఒక కొత్త నిబంధనావళి ముసాయిదా వ్రాశారు. రాజకీయ సంస్థగా కాంగ్రెస్ తన పని ముగించి, లోకసేవక సంఘంగా మారి, ఏడు లక్షల గ్రామాల సేవకు అంకితం కావాలన్నది దాని సారాంశం. మరునాడు ఆయన హత్యకు గురయ్యారు. ఆ ముసాయిదా కాగితంగానే మిగిలిపోయింది.

త్యాగధనులు నిర్మించిన సంస్థ స్వార్థపరుల వశమవుతున్నదన్న మొర ఆనాటితో ఆగలేదు. మూడు దశాబ్దాల తరువాత, మరొక పార్టీ విషయంలో, మరింత వేగంగా, మరింత బాహాటంగా అదే కథ జరిగింది. ఆ పార్టీ పేరు జనతా.

నాలుగు ఇళ్ళవారి ఉమ్మడి కాపురం

1975 జూన్ 25 రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి విధించబడింది. జయప్రకాశ్ నారాయణ్, మొరార్జీ దేశాయ్, చరణ్ సింగ్, అటల్ బిహారీ వాజపేయి, చంద్రశేఖర్ వంటివారు నిర్బంధితులయ్యారు. పత్రికల నోళ్ళు మూతబడ్డాయి. చెరలో ఉండగానే జయప్రకాశ్ మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ తరువాత ఆయన జీవితమంతా రక్తశుద్ధి యంత్రం మీదనే ఆధారపడి సాగింది.

1977 జనవరి 18న ప్రధాని ఇందిరా గాంధీ ఎన్నికలు ప్రకటించారు. అయిదు రోజులకే, జనవరి 23న, జనతా పార్టీ అవతరించింది. పాత కాంగ్రెస్, జనసంఘ్, భారతీయ లోక్ దళ్, సోషలిస్టు పార్టీ ఈ నాలుగూ దానిలోని ప్రధాన భాగాలు. అయితే విలీనానికి చట్టరీత్యా వ్యవధి లేదు. అందుచేత భారతీయ లోక్ దళ్ గుర్తయిన చక్రంలోని హలధారి రైతు బొమ్మ మీదనే అభ్యర్థులు పోటీ చేశారు. లాంఛనమైన విలీనం మే 1న గాని జరగలేదు. అంటే పార్టీ గెలిచింది ముందు, ఏర్పడింది తరువాత.

ఫిబ్రవరి 2న సీనియర్ మంత్రి జగ్జీవన్ రామ్ కాంగ్రెస్‌ను వీడి బయటికి వచ్చారు. లోక్‌సభలో అత్యవసర పరిస్థితిని ఆమోదించే తీర్మానాన్ని ప్రతిపాదించినది ఆయనే. అయినా ఆయన రాకతో ప్రతిపక్షాలకు వెయ్యేనుగుల బలం వచ్చింది. అది గెలుపు తెచ్చే రాక. కనుక ఎవరూ పాత లెక్కలు అడగలేదు.

మార్చి ఎన్నికలలో ఉత్తర భారతం కాంగ్రెస్‌ను తుడిచిపెట్టింది. రాయబరేలీలో ఇందిరా గాంధీనే రాజ్ నారాయణ్ ఓడించారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఎదురుగాలిలో నిలబడింది. 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా అభ్యర్థిగా గెలిచిన నీలం సంజీవరెడ్డి కొద్ది నెలలలోనే పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు.

మార్చి 24 ఉదయం జనతా పార్టీ పార్లమెంటు సభ్యులు రాజఘాట్‌లో గాంధీజీ సమాధి వద్ద సమావేశమయ్యారు. జయప్రకాశ్ వారిచేత ప్రతిజ్ఞ చేయించారు. ప్రజలకు, వారిలోనూ బలహీనులకు సేవ చేస్తామనీ, వ్యక్తిగత జీవితంలోనూ ప్రజాజీవితంలోనూ నిరాడంబరత, నిజాయితీ పాటిస్తామనీ వారంతా ఒక్క కంఠంతో పలికారు. అదే రోజున మొరార్జీ దేశాయ్ ప్రధానిగా ప్రమాణం చేశారు.

ఆ ఎంపిక జరిగిన తీరులోనే తొలి బీట ఉన్నది. నాయకుని ఎన్నుకోవడానికి సభ్యులు ఓటు వేయలేదు. నిర్ణయాన్ని జయప్రకాశ్‌కు, ఆచార్య కృపలానీకి వదిలిపెట్టారు. జగ్జీవన్ రామ్ ప్రధాని కాకూడదన్న పట్టుదలతో చరణ్ సింగ్ ఆస్పత్రి పడకమీదినుండే మొరార్జీకి మద్దతు తెలుపుతూ లేఖ పంపారు. ఇద్దరు పెద్దల మాటకు సభ్యులు తలవంచారు. కాని ప్రధాని పదవి మీద ఆశ పెట్టుకొన్న ముగ్గురిలో ఇద్దరు మనస్సులో గాయంతోనే మంత్రివర్గంలో చేరారు.

పంపకాలలో పుట్టిన పగలు

1977 ఏప్రిల్ 30న కాంగ్రెస్ పాలిస్తున్న తొమ్మిది రాష్ట్రాల శాసనసభలు రద్దయ్యాయి. ఎన్నికలలో జనతా పార్టీ ఉత్తరాది రాష్ట్రాలను గెలుచుకొన్నది. ముఖ్యమంత్రి పదవులను ప్రధానంగా రెండు వర్గాలు పంచుకొన్నాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ జనసంఘ్ వర్గానికి. ఉత్తరప్రదేశ్, బీహార్, హర్యానా లోక్ దళ్ వర్గానికి వచ్చాయి. ఇది ఏకమైన పార్టీలు చేసే పని కాదు. వేరుపడబోయే అన్నదమ్ములు చేసే పని.

పార్టీలో సంస్థాగత ఎన్నికలు పూర్తి కావడమన్నది ఎన్నడూ జరగలేదు. సభ్యత్వ పుస్తకాలు ఎవరి చేతిలో ఉంటే పార్టీ వారిది అవుతుందన్న భయం ప్రతి వర్గానికీ ఉండేది. ఈ కారణంగా గ్రామంలో, తాలూకాలో, జిల్లాలో జనతా పార్టీ అన్నది పేరుకు మాత్రమే ఉండి, పాత నాలుగు పార్టీల కార్యాలయాలు నాలుగు పొయ్యిలుగా విడివిడిగా వెలిగాయి. 

జయప్రకాశ్ ఏ పదవీ స్వీకరించలేదు. అది ఆయన గొప్పతనం. కాని పార్టీ నిర్మాణ భారాన్ని కూడా ఆయన తన మీద వేసుకోలేదు. ఆరోగ్యం అందుకు సహకరించలేదు. పాట్నాలో ఆయన, ఢిల్లీలో అధికారం. నైతికాధికారం ఒక ఊళ్ళో, రాజ్యాధికారం మరొక ఊళ్ళో ఉన్నప్పుడు మొదటి దానికి నమస్కారాలు, రెండవ దానికి దరఖాస్తులు అందుతాయి.

1978 జూన్ నెలాఖరున మొరార్జీ దేశాయ్ చరణ్ సింగ్‌నూ రాజ్ నారాయణ్‌నూ మంత్రివర్గంనుండి రాజీనామా చేయమన్నారు. డిసెంబరు 23న చరణ్ సింగ్ పుట్టినరోజున ఢిల్లీలో బ్రహ్మాండమైన రైతు సమీకరణ జరిగింది. ఆ బలప్రదర్శన తరువాత, 1979 జనవరిలో, ఆయనను ఉప ప్రధానిగా, ఆర్థిక మంత్రిగా తిరిగి తీసుకొన్నారు. జగ్జీవన్ రామ్ నొచ్చుకోకుండా ఆయనకు కూడా ఉప ప్రధాని హోదా ఇచ్చారు. గాయానికి మందు వేయవలసిన చోట పదవిని అతికించారు.

ఈలోగా రాష్ట్రాలలో లోక్ దళ్ వర్గపు ముఖ్యమంత్రులు వరుసగా పడిపోయారు. ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లో రామ్ నరేశ్ యాదవ్, ఏప్రిల్‌లో బీహార్‌లో కర్పూరీ ఠాకూర్, జూన్‌లో హర్యానాలో దేవీలాల్ పదవులు కోల్పోయారు. వారిని ఓడించినది ప్రతిపక్షం కాదు; సొంత పార్టీవారే. ఆ అవమానాలన్నీ ఢిల్లీలో ప్రతీకారం కోసం ఎదురుచూశాయి.

1979 మార్చిలో ఒక విషాదకరమైన పొరపాటు జరిగింది. బొంబాయి జస్లోక్ ఆస్పత్రిలో ఉన్న జయప్రకాశ్ మరణించారన్న వార్తను నమ్మి ప్రధాని పార్లమెంటులో ప్రకటించారు. లోక్‌సభ సంతాపం తెలిపి వాయిదా పడింది. తీరా చూస్తే ఆయన బ్రతికే ఉన్నారు. తాను సృష్టించిన పార్టీ తనకు ముందుగానే తిలోదకాలిచ్చిన సంగతి ఆ వృద్ధ నాయకుడు బ్రతికుండి వినవలసివచ్చింది.

సిద్ధాంతం ముసుగైనప్పుడు

పార్టీ చీలికకు బయటికి చెప్పిన కారణం ద్వంద్వ సభ్యత్వం. జనసంఘ్‌నుండి వచ్చినవారు జనతా పార్టీలో ఉంటూనే రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌తో సంబంధం కొనసాగించవచ్చునా అన్నది ప్రశ్న. సంఘ్ సాంస్కృతిక సంస్థ గనుక ఆక్షేపణకు తావులేదని ఒక పక్షం వాదించింది. ఒక మనిషికి రెండు విధేయతలు కుదరవని మరొక పక్షం వాదించింది. ఇది నిజమైన సైద్ధాంతిక సమస్యే. మధు లిమయే వంటివారు దానిని చిత్తశుద్ధితోనే లేవనెత్తారు.

అయితే 1979 వేసవిలో ఆ ప్రశ్నను భుజాన వేసుకొన్నవారందరి సంగతీ అది కాదు. అభ్యర్థిత్వాలు పంచుకొన్నప్పుడు, ప్రభుత్వాలు ఏర్పరచుకొన్నప్పుడు ఈ సంబంధం ఎవరికీ తెలియనిది కాదు. పదవీ కలహం ముదిరినప్పుడే అది అనేకులకు భరింపరానిదైంది. అవకాశవాది సిద్ధాంతాన్ని ఎదిరించడు. దానిని అద్దెకు తీసుకొంటాడు. చిత్తశుద్ధి గలవాడు పేర్చిన కట్టెలమీద అతడు తన వంట వండుకొంటాడు.

జూలై 11న ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్ అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. జూలై 12న మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ప్రభుత్వాన్ని సమర్థిస్తూ సభలో గంభీరంగా ఉపన్యసించారు. రెండు మూడు రోజులు తిరగకుండా ఆయనే ప్రభుత్వంనుండి తప్పుకొన్నారు. రాజ్ నారాయణ్ వెలికితెచ్చిన జనతా (సెక్యులర్) వైపు సభ్యులు గుంపులు గుంపులుగా నడిచారు. జూలై 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా ఇచ్చారు.

చరణ్ సింగ్ జూలై 28న ప్రధాని అయ్యారు. ఆయనకు వెలుపలినుండి మద్దతు ఇచ్చినవారు ఇందిరా కాంగ్రెస్‌వారు! హోం మంత్రిగా 1977 అక్టోబరులో ఇందిరా గాంధీని అరెస్టు చేయించినది ఆయనే. ఆమెను న్యాయస్థానంలోనూ, ఎన్నికలలోనూ ఓడించిన రాజ్ నారాయణే ఆమె పక్షంతో మంతనాలు సాగించినవారిలో ముఖ్యుడు. ఆగస్టు 20న ఆ మద్దతు ఉపసంహరింపబడింది. విశ్వాస పరీక్షకై పార్లమెంటు ముందు నిలువకుండానే చరణ్ సింగ్ రాజీనామా చేశారు. ఆగస్టు 22న రాష్ట్రపతి సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు.

చరణ్ సింగ్‌ను కేవలం పదవీలాలసుడని కొట్టివేయడం న్యాయం కాదు. చిన్న రైతు పక్షాన జీవితమంతా వాదించిన మేధావి ఆయన. ఇందిరా గాంధీ మీది కేసులను విచారించే ప్రత్యేక న్యాయస్థానాలను ఎత్తివేయడానికి తాను అంగీకరించనందునే మద్దతు పోయిందని ఆయన చెప్పుకొన్నారు. అలాగే మొరార్జీ పక్షాన తప్పు లేదనడమూ సరి కాదు. ప్రధాని పదవికి రాజీనామా చేసిన తరువాత కూడా ఆయన పార్టీ నాయకత్వాన్ని వెంటనే జగ్జీవన్ రామ్‌కు అప్పగించలేదు. ఆ జాగులో చివరి అవకాశం చేజారింది. ఆశయవాదికి తన నిజాయితీమీద నమ్మకం ఎక్కువైనప్పుడు అది మొండితనంగా మారుతుంది.

జయప్రకాశ్ 1979 అక్టోబరు 8న పాట్నాలో కన్నుమూశారు. మూడు రోజులు ఆగితే ఆయనకు 77 ఏండ్లు నిండేవి. 1980 జనవరి ఎన్నికలలో ఇందిరా కాంగ్రెస్‌కు 353 స్థానాలు రాగా, జనతా పార్టీకి 31 మాత్రమే దక్కాయి. ఆ నెలలోనే హర్యానాలో జనతా ముఖ్యమంత్రి భజన్ లాల్ తన శాసనసభ్యులను వెంటబెట్టుకొని ఇందిరా కాంగ్రెస్‌లోకి మారిపోయారు. ముఖ్యమంత్రి మారలేదు, మంత్రులు మారలేదు, కుర్చీలు మారలేదు. పార్టీ మాత్రం మారింది. తరువాతి నెలలో కేంద్రం తొమ్మిది శాసనసభలను రద్దు చేసింది. 1977లో జనతా వేసిన బాటలోనే ఇందిరా ప్రభుత్వం నడిచింది. హర్యానా సభ మాత్రం క్షేమంగా ఉండిపోయింది.

అదే సమయంలో మన రాష్ట్రంలో వేరొక దృశ్యం కనిపించింది. అత్యవసర పరిస్థితికి నిరసనగా కాంగ్రెస్‌ను వదలిన ఎస్. జైపాల్ రెడ్డి 1980లో మెదక్‌లో ఇందిరా గాంధీ మీదనే జనతా అభ్యర్థిగా నిలిచారు. ఓటమి ఖాయమని తెలిసీ నిలిచారు. అటువంటివారూ ఆ పార్టీలో ఉన్నారన్నది మరువరాదు.

చట్టం చేతికి చిక్కని దొంగ

ఫిరాయింపుల వ్యాధి జనతాతో పుట్టింది కాదు. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ ఒక్క పక్షంలో మూడుసార్లు పార్టీ మార్చి, ‘ఆయారామ్ గయారామ్’ అన్న మాటను దేశభాషలన్నింటికీ ప్రసాదించారు. ఆ ఏడాది డిసెంబరులో, ఫిరాయింపులను పరిశీలించడానికి ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించాలని లోక్‌సభలో తీర్మానం ప్రతిపాదించినవారు తెలుగువారైన పి. వెంకటసుబ్బయ్య. సంఘానికి అధ్యక్షులు నాటి హోం మంత్రి వై.బి. చవాన్.

ఆ సంఘం తేల్చిన లెక్కలు కళ్ళు తెరిపించేవి. తొలి మూడు సార్వత్రిక ఎన్నికల కాలమంతటా, అంటే నాలుగవ ఎన్నికల వరకు, దేశంలో సుమారు 542 ఫిరాయింపులు జరిగాయి. 1967 మార్చినుండి 1968 ఫిబ్రవరి వరకు ఒక్క ఏడాదిలోనే 438 జరిగాయి. ఏడు రాష్ట్రాలలో పార్టీ మారిన 210 మంది శాసనసభ్యులలో 116 మందికి మంత్రిపదవులు లభించాయి. ఫిరాయింపు అంతరాత్మ ప్రబోధమా, బేరమా అన్న ప్రశ్నకు ఈ ఒక్క అంకెను మించిన జవాబు అక్కరలేదు.

విధి విలాసమేమంటే, 1979 జూలైలో భారీ ఫిరాయింపులకు తలుపు తెరిచిన అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టినదీ, చరణ్ సింగ్ ప్రభుత్వంలో ఉప ప్రధాని అయినదీ ఆ చవాన్‌గారే.

1978లో జనతా ప్రభుత్వం ఫిరాయింపులను నిషేధించే రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చింది. ప్రవేశదశలోనే ప్రతిపక్షంతోపాటు పాలక పక్ష సభ్యులు కొందరు కూడా అడ్డుచెప్పడంతో బిల్లు వెనక్కు పోయింది. తాళం వేసుకొనేందుకు ఇంటివారే ఒప్పుకోలేదు. మరునాడు ఇల్లు దోపిడీ కావడంలో వింతేమున్నది?

చివరకు 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చింది. ఒక్కడు పార్టీ మారితే సభ్యత్వం పోతుంది. కాని శాసనసభా పక్షంలో మూడవవంతు కలసి చీలితే పోదు! చిల్లర వర్తకం నిషిద్ధం, టోకు వర్తకం చట్టబద్ధం అయింది. ఆ మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించింది. మంత్రుల సంఖ్యను సభలో 15 శాతానికి పరిమితం చేసింది. అయినా మూడింట రెండువంతుల మంది విలీనమనే మార్గం మిగిలే ఉన్నది. 2019 జూన్‌లో తెలంగాణ శాసనసభలో 18 మంది కాంగ్రెస్ సభ్యులలో 12 మంది ఆ మార్గంలోనే పాలక పక్షంలో కలిశారు. దానికి ముందు ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఎన్నికైన సభలో ప్రతిపక్షానికి చెందిన 23 మంది పాలక పక్షం వైపు మారగా, వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. పార్టీల పేర్లు మారుతున్నాయి. 210లో 116 అన్న సూత్రం మారలేదు.

ఓడినవారు మిగిల్చినది

ఆశయవాదులు ఓడిపోవడానికి కారణం వారి ఆశయాలు కావు. ఉమ్మడి శత్రువును ఉమ్మడి సిద్ధాంతంగా వారు పొరబడ్డారు. గెలుపు కోసం ఎవరినైనా చేర్చుకొన్నారు. సభ్యత్వ పట్టికలు, సంస్థాగత ఎన్నికలు, లెక్కల పుస్తకాలు వంటి పనులు చిన్నవని వదిలివేశారు. అవకాశవాదికి ఆ చిన్న పనులే పెద్ద పెట్టుబడి. ఉపన్యాస వేదిక మీద ఆశయవాది మాట్లాడుతుండగా, వేదిక వెనుక గదిలో అతడు పట్టిక సవరిస్తుంటాడు. చివరకు పార్టీ ఎవరి పక్షాన ఉన్నదో నిర్ణయించేది ఆ పట్టికే.

అయినా జనతా కథను కేవలం పతన గాథగా చదవడం పొరపాటు. ఆ ప్రభుత్వం 1978లో ఆమోదింపజేసిన 44వ రాజ్యాంగ సవరణ ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఆంతరంగిక కల్లోలమనే అస్పష్టమైన సాకుతో అత్యవసర పరిస్థితి విధించే వీలు ఇక లేదు. సాయుధ తిరుగుబాటు ఉండాలి. మంత్రివర్గం నిర్ణయాన్ని వ్రాతపూర్వకంగా రాష్ట్రపతికి తెలపాలి. అత్యవసర పరిస్థితిలో సైతం పౌరుని జీవితానికి, వ్యక్తి స్వేచ్ఛకు గల రక్షణను తాత్కాలికంగానైనా నిలిపివేయరాదు. చెరసాలలో పడినవారు, తమ తరువాతివారు అలా పడకుండా కట్టిన గోడ అది.

పార్టీ పోయింది, పదవులు పోయాయి, ప్రతిజ్ఞ చేసినవారిలో అధికులు దానిని మరిచారు. వారిలో కొద్దిమంది చట్టంలో వ్రాసి పెట్టిన నాలుగు వాక్యాలు మాత్రం ఏ ఫిరాయింపుదారూ ఎత్తుకుపోలేకపోయాడు. పార్టీని నమ్ముకొన్న సత్పురుషులకు ఈ కథ చెప్పే నీతి ఇదే: మంచి మాటను సభలో పలకడంతో పని తీరదు, దానిని నిబంధనగా వ్రాయాలి, వ్రాసినదానిని ముందుగా తమ ఇంట్లో అమలు జరపాలి. ఆ కాపలా పనికి విసిగినవాడు తన పార్టీని మరొకరికి దానపత్రం వ్రాసి ఇచ్చినట్లే.